హార్డ్ డిస్కు: చెడిన జ్ఞాపకము, మరల నింపిన జ్ఞాపకము

ల్యాప్‌టాప్ మూత తెరచి మీట నొక్కిన కొద్ది క్షణములలోనే తెరపై బొమ్మలును, అక్షరములును ప్రత్యక్షమగును. ప్రతిదినము జరుగు పని యగుటచే ఇందులో వింత యేమియు తోచదు. కాని ఒకనాడు మీట నొక్కినప్పుడు నల్లని తెరమీద తెల్లని అక్షరములతో ఒకే వాక్యము కనబడును. ప్రారంభించుటకు తగిన డిస్కు దొరకలేదని దాని భావము. పెట్టెలోనుండి టక్కు టక్కుమని ఒకే చప్పుడు మరల మరల వినవచ్చును. హార్డ్ డిస్కు చెడిపోయినదనుటకు ఇది తరచు కనబడు లక్షణము.

అది ఉపాధ్యాయుని యంత్రమైనచో అందు మార్కుల పట్టికలు, ప్రశ్నపత్రములు, పాఠముల చిత్తుప్రతులు ఉండును. విద్యార్థిదైనచో ప్రయోగముల నివేదికలు, వ్రాసికొన్న వ్యాసములు ఉండును. పాడైన డిస్కును తీసి కొత్తది అమర్చుట చాల యంత్రములలో అరగంట పని. దానిపై ఆపరేటింగు సిస్టమును మరల ఎక్కించుట మరియొక గంట పని. అంతమాత్రముచే పోయినదంతయు తిరిగివచ్చునా? ఏది తిరిగివచ్చును, ఏది రాదు? ఈ ప్రశ్నకు సమాధానము డిస్కు చరిత్రలోనే యున్నది.

ఒక ఉపాధ్యాయుని ప్రయోగశాల

హార్డ్ డిస్కును మొదట నిర్మించిన బృందమునకు నాయకుడు రేనాల్డ్ జాన్సన్. ఆయన 1906లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమున జన్మించెను. పిదప మిషిగన్ రాష్ట్రమందలి ఐరన్‌వుడ్ అను ఊరిలో హైస్కూలు ఉపాధ్యాయుడయ్యెను. సమాధాన పత్రములు దిద్దుటలోని శ్రమ ఉపాధ్యాయుల కందరకు తెలిసినదే. జాన్సన్ దానికొక ఉపాయమును కనిపెట్టెను. పెన్సిలులోని గ్రాఫైటు విద్యుద్వాహకము. కనుక విద్యార్థి పెన్సిలుతో పెట్టిన గుర్తుల గుండ విద్యుత్తు ప్రవహింపగలదు. ఆ ప్రవాహమును కొలిచి మార్కులు లెక్కింపవచ్చును. ఈ సూత్రముపై ఆయన ఒక యంత్రమును నిర్మించెను. ఐ.బి.ఎం. సంస్థ 1934లో ఆయనను ఉద్యోగమున చేర్చుకొని, 1937లో అట్టి యంత్రమును విడుదల చేసెను.

1952లో ఆ సంస్థ జాన్సన్‌ను కాలిఫోర్నియాలోని సాన్ హోసే నగరమునకు పంపి, అక్కడ ఒక చిన్న ప్రయోగశాలను స్థాపింపుమని కోరెను. ఆ ప్రయోగశాల ముందు నిలిచిన సమస్య ఇది. ఆనాటి వ్యాపారసంస్థల లెక్కలు చాలవరకు రంధ్రములు పొడిచిన అట్టకార్డులపై ఉండెడివి. గిడ్డంగిలో ఒక వస్తువు ఎంత మిగిలియున్నదో తెలియవలెనన్న గుమాస్తాలు వేలకొలది కార్డులలో నుండి ఒక్కదానిని ఏరవలసి వచ్చెడిది. అయస్కాంతపు టేపు అప్పటికే కలదు. కాని టేపు మధ్యనున్న ఒక్క పద్దు కావలెనన్నను దానికి ముందున్న టేపునంతటిని చుట్టవలసియుండును. తిరుగు స్తూపముపై వ్రాయు విధానము వేగమైనదే గాని, స్తూపమునకు వెలుపలి ముఖము ఒక్కటే ఉపయోగపడును. అందుచేత పట్టు విషయము తక్కువ.

గ్రామఫోను రికార్డును చూడుడు. నాలుగవ పాట వినగోరువాడు మొదటి మూడు పాటలను వినవలసిన పనిలేదు; ముల్లును ఎత్తి కావలసిన చోట దించినచో చాలును. పలుచని పళ్లెములను ఒకదానిపై నొకటి పేర్చినచో కొద్ది స్థలములోనే ఎన్నో ముఖములు లభించును. జాన్సన్ బృందము ఈ మార్గమునే ఎన్నుకొనెను.

రంగు పోసిన పళ్లెములు

అల్యూమినియము పళ్లెమునకు ఇనుప ఆక్సైడు కలిసిన రంగును ఆనాడు పూసెడివారు. ఆ పూతలో అత్యంత సూక్ష్మమైన అయస్కాంతములు అసంఖ్యాకముగ నుండును. వాటిని ఒక దిశకు త్రిప్పిన 1 అనియు, వేరొక దిశకు త్రిప్పిన 0 అనియు ముందుగా ఏర్పరచుకొన్నచో, ఏ అక్షరమునైనను ఏ సంఖ్యనైనను అయస్కాంత రూపమున వ్రాయవచ్చును. వ్రాయునది హెడ్డు అను చిన్న విద్యుదయస్కాంతము.

పూత అంతటను సమముగ నుండవలెను. ఒకచోట గడ్డకట్టినను హెడ్డు దానికి తగులును. ఆ బృందమువారు రంగును పట్టు మేజోళ్లలో వడపోసి, కాగితపు గిన్నెతో తిరుగుచున్న పళ్లెపు లోపలి అంచు దగ్గర పోసిరి. పళ్లెము తిరుగు వేగమునకు రంగు వెలుపలి అంచువైపు పారి సమముగ పరచుకొనెను. తడిసిన గొడుగును గిఱ్ఱున త్రిప్పినప్పుడు నీరు అంచులకు పరుగిడునట్లే ఇదియును.

హెడ్డు పళ్లెమునకు మిక్కిలి దగ్గరగ నుండవలెను, కాని తగులరాదు. ఇందుకై హెడ్డునుండి ఒత్తిడిగల గాలిని పళ్లెముపైకి ఊది, ఆ గాలిపొరపైననే హెడ్డును నిలిపిరి. ఆ ఎడము సుమారు 20 మైక్రానులు, అనగా మిల్లీమీటరులో 50వ వంతు.

1956 సెప్టెంబరులో ఈ పరికరముతో కూడిన రామాక్ అను కంప్యూటరును ఐ.బి.ఎం. ప్రకటించెను. అందు 24 అంగుళముల వ్యాసముగల పళ్లెములు 50 ఉండెను. అవి నిమిషమునకు 1,200 మారులు తిరిగెడివి. రెండు హెడ్డులు గల ఒకే చేయి పైకి క్రిందికి జరిగి, కావలసిన పళ్లెమువద్ద ఆగి లోనికి ప్రవేశించెడిది. డిస్కు పరికరము బరువు సుమారు ఒక టన్ను. అందు పట్టు అక్షరములు 50 లక్షలు. అచ్చుపుటకు 2,000 అక్షరముల చొప్పున లెక్కించినచో 2,500 పుటల గ్రంథము. ఆ యంత్రమునకు నెల అద్దె 3,200 డాలర్లు. అయినను గుమాస్తా ఏరవలసిన కార్డును అది సగటున ఒక క్షణములోపలనే చూపగలిగెను.

తీయగల పళ్లెములు, మూసిన పెట్టెలు

1961లో వచ్చిన 1301 అను నమూనాలో గాలి ఊదు యంత్రముతో పని లేకపోయెను. వేగముగ తిరుగు పళ్లెము తనతో గాలిని ఈడ్చుకొని పోవును. ఆ గాలిమీదనే తేలునట్లు హెడ్డు అడుగుభాగమును మలచిరి. ప్రతి ముఖమునకును ఒక హెడ్డు ఏర్పడుటచే చేయి పైకి క్రిందికి తిరుగవలసిన అవసరము తీరెను.

1962లో మరియొక మార్పు జరిగెను. 1311 అను పరికరములో ఆరు పళ్లెముల కట్టను యంత్రమునుండి చేతితో తీసి, వేరొక కట్టను పెట్టుటకు వీలు కలిగెను. ఒక్కొక్క కట్టలో 20 లక్షల అక్షరములు పట్టెడివి. జీతముల లెక్కలొక కట్టపై, సరుకుల లెక్కలొక కట్టపై ఉంచి, అవసరమును బట్టి మార్చుకొనెడివారు. డిస్కును మార్చుట అను పని ఈనాటిది కాదు. ఒకప్పుడది నిత్యకృత్యము.

ఈ సౌకర్యముతో పాటు ఒక చిక్కును వచ్చెను. కట్టను తీసి పెట్టునప్పుడెల్ల ధూళి లోనికి ప్రవేశించును. ఎడము తగ్గినకొలది ధూళికణము హెడ్డునకు పెద్ద బండరాయి వలె అడ్డుపడును. దానిని తాకి హెడ్డు పళ్లెముపై పడినచో పూత గీసుకొనిపోవును. పూతతో పాటు అందు వ్రాసినదియు పోవును. 1973లో వచ్చిన 3340 నమూనా దీనికి పరిష్కారము చూపెను. అందు పళ్లెములు, హెడ్డులు, వాటిని కదల్చు చేయి అన్నియు కలిపి ఒకే మూసిన పెట్టెలో నుంచిరి. హెడ్డులను తేలికగా చేసి, పళ్లెమునకు పలుచని తైలపు పొర పూసిరి. అందుచే యంత్రము ఆగినప్పుడు హెడ్డు పళ్లెముపై దిగినను హాని లేకపోయెను. మొదట 30 మిలియను అక్షరముల పెట్టెలు రెండు ఉండవలెనని అనుకొనిరి. 30-30 అను సంఖ్యలు వినగానే కెన్ హాటన్ అను ఇంజనీరుకు ఆ పేరుతో ప్రసిద్ధమైన వించెస్టర్ తుపాకి గుర్తు వచ్చెనట. అంతటినుండి ఇట్టి డిస్కులకు వించెస్టర్ డిస్కులను పేరు స్థిరపడెను.

మూసిన పెట్టె అను ఈ భావమే నేటి హార్డ్ డిస్కునకు మూలము. దీనివలన ధూళిబాధ తగ్గెను. కాని లోపలి భాగము చెడినచో వాడుకరి దానిని విప్పి బాగుచేసికొను వీలును పోయెను. నేడు హార్డ్ డిస్కు చెడినదన్న పెట్టెను పెట్టెగా మార్చవలసినదే. ఆ మూత తెరచుటకు ధూళి లేని ప్రత్యేకమైన గది కావలెను.

అరచేతిలోనికి వచ్చిన డిస్కు

1980లో సీగేట్ సంస్థ 5¼ అంగుళముల డిస్కును విడుదల చేసెను. 24 సంవత్సరములకు ముందు టన్ను బరువుగల పరికరములో పట్టిన 50 లక్షల అక్షరములు చేతిలో పట్టు పెట్టెలోనికి వచ్చెను. 1983లో స్కాట్లండునకు చెందిన రోడైమ్ సంస్థ 3½ అంగుళముల డిస్కును, 1988లో అమెరికాలోని ప్రెయిరీటెక్ సంస్థ 2½ అంగుళముల డిస్కును నిర్మించెను. ల్యాప్‌టాపులలో బహుకాలము వాడుకలోనున్న కొలత ఈ చివరిదే.

1988లోనే ఆల్బర్ట్ ఫెర్ట్, పీటర్ గ్రూన్‌బర్గ్ అను భౌతికశాస్త్రజ్ఞులు వేరువేరుగ ఒక విషయము కనుగొనిరి. కొన్ని పరమాణువుల మందము మాత్రమే గల లోహపు పొరలలో విద్యుత్తునకు కలుగు నిరోధము చిన్న అయస్కాంత క్షేత్రమునకే ఎక్కువగ మారునని వారు చూపిరి. 1997లో ఈ సూత్రముపై పనిచేయు హెడ్డులు వాడుకలోనికి వచ్చెను. అంతకుముందు చదువలేనంత చిన్న గుర్తులను ఇవి చదువగలిగినందున డిస్కులలో పట్టు విషయము శీఘ్రముగ పెరిగెను. 2007లో వారిరువురకును నోబెల్ బహుమానము లభించెను.

గుర్తులు చిన్నవైనకొలది హెడ్డు మరింత క్రిందికి దిగవలసి వచ్చెను. రామాక్‌లో 20 మైక్రానులుగా నున్న ఎడము నేటి డిస్కులలో కొన్ని నానోమీటర్లు మాత్రమే. అనగా వేయింతలకు పైగా తగ్గినది. ఇట్టి డిస్కును ఒడిలో పెట్టుకొని, బస్సులో పెట్టుకొని పనిచేయుదురు. ల్యాప్‌టాప్ పడుటను గ్రహించి, నేలను తాకులోపలనే హెడ్డులను పక్కకు తప్పించు ఏర్పాటు 2003లో ఐ.బి.ఎం. ల్యాప్‌టాపులలో వచ్చెను. అయినను దెబ్బ, వేడి, అరుగుదల అను శత్రువులు పూర్తిగ తొలగలేదు. మొదట చెప్పిన టక్కు టక్కు చప్పుడు, పళ్లెముపై నున్న స్థానసూచికలు చదువలేక చేయి వెనుకకు పోయి మరల మరల ప్రయత్నించుటచే కలుగునదే.

డిస్కు తన ఆరోగ్యమును తానే కనిపెట్టి తెలుపు స్మార్ట్ అను పద్ధతి 1990ల దశాబ్దిలో వచ్చెను. దీనిపై ఎంతవరకు ఆధారపడవచ్చును? గూగుల్ సంస్థకు చెందిన పరిశోధకులు లక్షకు పైగా డిస్కులను పరిశీలించి 2007లో ఫలితములను ప్రకటించిరి. చెడిపోయిన డిస్కులలో నూటికి 36కు పైగా, ఉష్ణోగ్రతను మినహాయించినచో, ఎట్టి హెచ్చరికయు చూపకయే చెడిపోయెనని తేలినది. కనుక హెచ్చరిక వచ్చిన పిదప జాగ్రత్తపడెదమనుట చాలదు.

ఖాళీ డిస్కు, మేల్కొనని యంత్రము

కొత్త డిస్కు అమర్చినంతమాత్రమున యంత్రము నడువదు. దానికి ఆపరేటింగు సిస్టము కావలెను. మీటలనుండి అక్షరములను గ్రహించుట, తెరపై చూపుట, డిస్కుపై ఎక్కడ ఏమున్నదో లెక్క ఉంచుట, ఒక ప్రోగ్రాము పనికి మరియొకటి అడ్డురాకుండ చూచుట ఇవన్నియు దాని పనులు. మొదటి కంప్యూటర్లలో ఇట్టిది లేదు. ఒక పని ముగిసిన పిదప మనుష్యుడే రెండవ పనిని సిద్ధము చేసెడివాడు. అంతవరకు ఖరీదైన యంత్రము ఊరక నిలిచియుండెడిది. రామాక్ వెలువడిన 1956లోనే జనరల్ మోటార్స్, నార్త్ అమెరికన్ ఏవియేషన్ అను సంస్థలు కలిసి, ఒక పని వెంట మరియొక పనిని తానే నడుపు ప్రోగ్రామును 704 అను ఐ.బి.ఎం. కంప్యూటరునకు వ్రాసిరి. మొదటి ఆపరేటింగు సిస్టములలో నిది ఒకటి.

ఇచ్చట ఒక చిక్కుముడి యున్నది. డిస్కునుండి ప్రోగ్రామును చదువుటకు ఒక ప్రోగ్రాము కావలెను. ఆ ప్రోగ్రాము డిస్కుపైననే యున్నచో దానిని చదువునది యెవరు? తాళపుచెవిని పెట్టెలో పెట్టి పెట్టెకు తాళము వేసినట్లు! దీనిని విడదీయు మార్గము మెట్లు మెట్లుగ ఎక్కుట. 1952లో ప్రకటింపబడిన 701 కంప్యూటరుపై ఇందుకొక ప్రత్యేకమైన మీట ఉండెను. దానిని నొక్కగనే యంత్రము కార్డునుండి గాని టేపునుండి గాని కొన్ని ఆదేశములను మాత్రము చదివెడిది. ఆ ఆదేశములు తక్కినవాటిని చదివించెడివి. తన బూటు పట్టీలను తానే పట్టి లాగి తన్ను పైకెత్తుకొనుట అను ఆంగ్లేయుల నానుడినుండి ఈ పనికి బూట్ అను పేరు వచ్చెను.

1981లో వచ్చిన ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటరులో మొదటి మెట్టును చెరగని చిప్పులో వ్రాసి ఉంచిరి. బయాస్ అనునది ఇదియే. 1983లో ఆ సంస్థ 10 మిలియను అక్షరముల హార్డ్ డిస్కుతో కూడిన ఎక్స్.టి. నమూనాను విడుదల చేసెను. ఇట్టి యంత్రములో మీట నొక్కగనే చిప్పులోని బయాస్ మేల్కొని, డిస్కు మొదటి గడిలోని 512 అక్షరములను చదువును. ఆ గడిలో ఒక చిన్న ప్రోగ్రామును, డిస్కును ఏయే భాగములుగా పంచినారో తెలుపు పట్టికయు ఉండును. ఆ ప్రోగ్రాము ఆపరేటింగు సిస్టమును పిలుచును. కొత్త డిస్కులో ఈ మొదటి గడి ఖాళీ. గొలుసులో రెండవ కడియము లేదు కనుక యంత్రము నల్లని తెరవద్దనే ఆగును.

ఆ పట్టికలో గడుల సంఖ్యను వ్రాయుటకు 32 ద్విసంఖ్యా స్థానములే యుండెను. 2ను 32 మారులు హెచ్చవేసిన 4,294,967,296. ఒక్కొక్క గడికి 512 చొప్పున గుణించినచో 2,199,023,255,552 అక్షరములు, అనగా సుమారు రెండు టెరాబైట్లు. అంతకు మించిన డిస్కును ఆ పట్టిక చూడలేదు. 1983లో ఎవరికిని తోచని ఈ ఎల్ల, కాలక్రమమున నిజముగనే అడ్డుగా నిలిచెను. నేటి యంత్రములలో బయాస్ స్థానమున యు.ఇ.ఎఫ్.ఐ. అను ఏర్పాటును, పాత పట్టిక స్థానమున 64 స్థానముల సంఖ్యలు గల కొత్త పట్టికయు వచ్చినవి.

ఖాళీ డిస్కు గల యంత్రమునకు ఆపరేటింగు సిస్టమును వెలుపలినుండి అందింపవలెను. 1971లో ఫ్లాపీ డిస్కు పుట్టినదే పెద్ద కంప్యూటర్లకు ఇట్టి ఆదేశములు అందించు పనికొరకు. 1995లో విండోస్ 95ను 13 ఫ్లాపీలపై కూడ అమ్మిరి. ఒకదాని తరువాత నొకటి పెట్టుచు కూర్చుండవలసివచ్చెడిది. ఆ సంవత్సరమే సి.డి. నుండి నేరుగ యంత్రమును మేల్కొలుపు పద్ధతి ఏర్పడెను. నేడు వ్రేలెడంత యు.ఎస్.బి. పుల్ల ఆ పని చేయుచున్నది.

మార్చు విధము

ఇంత చరిత్ర తెలిసినపిదప మార్చు పనిలోని ప్రతి మెట్టునకును అర్థము తెలియును. చప్పుడు చేయుచున్న పాత డిస్కును మరల మరల నడపరాదు. నడపినకొలది గీతలు పెరుగును. అందలి విషయము అమూల్యమైనచో అప్పుడే ఆపి, నిపుణుల కప్పగించుట మేలు. మార్చునప్పుడు విద్యుత్తు తీగను ఊడదీసి, బ్యాటరీని తొలగించి, చేతిని ఒక లోహపు వస్తువునకు తాకించి ఒంటిమీది స్థిరవిద్యుత్తును పోగొట్టుకొనవలెను. అడుగు మూత స్క్రూలు విప్పి, పాత డిస్కును మెల్లగ వెనుకకు లాగి, అదే కొలతయు అదే సంధానమును గల కొత్తదానిని అమర్చవలెను.

పిదప వేరొక కంప్యూటరుపై సిద్ధము చేసిన యు.ఎస్.బి. పుల్లనుండి యంత్రమును మేల్కొలిపి, డిస్కును భాగములుగా పంచి, ఫార్మాటు చేయవలెను. ఖాళీ నోటుపుస్తకమును పాఠ్యాంశముల వారీగ విభజించి, ముందు విషయసూచికకు పుటలు కేటాయించుట వంటిదే ఇది. అంతట ఆపరేటింగు సిస్టము కొత్త డిస్కుపైకి నకలు చేయబడును. మొదటి మెట్టుగ నుండు చిన్న ప్రోగ్రామును తగిన చోట వ్రాయబడును. గొలుసు తిరిగి కలిసెను. మీట నొక్కిన యంత్రము మేల్కొనును.

తిరిగిరానిది

ఇప్పుడు మొదటి ప్రశ్నకు సమాధానము చెప్పవచ్చును. డిస్కు ఒక వస్తువు. కార్ఖానాలో అట్టివి లక్షలు తయారగును. ఆపరేటింగు సిస్టము ఒక నకలు. దాని ప్రతులు లోకమంతటను కలవు. ఈ రెండును పోయినను తిరిగి దొరకును. కాని డిస్కుపై మనుష్యుడు తాను వ్రాసినది, ఒక్క ప్రతియే యున్నచో, ఎక్కడను దొరకదు. యంత్రము మేల్కొనును గాని, పాత సంగతులు దానికి జ్ఞాపకముండవు.

కదలు భాగములు లేని ఎస్.ఎస్.డి.లు వచ్చిన పిదప ఈ మాట మారినదా? జపానులోని తొషిబా సంస్థలో ఫుజియో మసువొక కనిపెట్టిన ఫ్లాష్ స్మృతియే వాటికి ఆధారము. 1991లో 20 మిలియను అక్షరముల ఎస్.ఎస్.డి. ల్యాప్‌టాపుల కొరకు వచ్చెను. నేడు చెడిన పాత డిస్కు స్థానమున చాలమంది వీటినే అమర్చుచున్నారు. ఇందు గీసుకొనుటకు పళ్లెము లేదు, పడుటకు హెడ్డు లేదు. కాని వ్రాసి చెరపినకొలది ఇందలి కణములు అరుగును. నడిపించు చిప్పు చెడినచో టక్కుమను చప్పుడైనను లేకుండ అంతయు ఒక్కమారే మౌనము వహింపవచ్చును.

తాటాకు పురుగు తినునని ఎరిగిన మన పూర్వులు, ఆకులు శిథిలము కాకముందే కొత్త ఆకులపై ప్రతులు వ్రాయించిరి. వారి కాలమున ఒక ప్రతికి నెలలు పట్టెడిది. నేడు మార్కుల పట్టికకు రెండవ ప్రతి చేయుటకు నిమిషము చాలును. ఆ ప్రతిని వేరొక డిస్కుపై, వీలైనచో వేరొక ఇంటిలో ఉంచవలెను. ప్రతి చేసిన పిదప దానినొకమారు తెరచి చదివి చూడవలెను. చదువరాని ప్రతి ప్రతి కాదు.

రేనాల్డ్ జాన్సన్ 1998లో మరణించెను. సమాధాన పత్రములను దిద్దు శ్రమనుండి తోటి ఉపాధ్యాయులను తప్పింపగోరిన ఆ హైస్కూలు ఉపాధ్యాయుడు, వారి మార్కుల పట్టికలు నిలుచు పళ్లెమును కూడ లోకమున కిచ్చెను. ఆ పళ్లెము ఏనాటికైనను ఆగునదే. అది ఆగిన దినమున ఉపాధ్యాయుడు కొత్త డిస్కు అమర్చి, రెండవ ప్రతిని తెరచి, మరుసటి గంటకు తరగతికి పోగలడా లేదా అనునది అంతకుముందు దినమున ఆయన చేసిన ఒక నిమిషపు పనిపై ఆధారపడియుండును.